ఒట్టి కొట్టే కదా అనకండి

పోయిన సంక్రాంతికి ఒక స్నేహితుడింట్లో భోజనాలయ్యాక మాటల్లో గ్రీన్స్‌బరో ప్రస్తావన వచ్చింది. నార్త్ కరోలినాలో ఉండే మనవాళ్ళలో చాలామందికి అది షార్లట్ నుంచి రాలీ వెళ్ళేటప్పుడు మధ్యలో తగిలే ఊరు, గ్యాస్ కొట్టించుకుని, పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ హైవే ఎక్కేసే ఊరు. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని అక్కడి డౌన్‌టౌన్‌లో ఉన్న పాత వూల్‌వర్త్ షాపుకి తీసుకెళ్ళానని చెప్పాను. 1960లో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ళకే అని ఉంచిన సీట్లలో కూర్చుని నిరసన మొదలుపెట్టిన షాపు అది, ఇప్పుడు మ్యూజియం. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, మంచి మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాయన, "అందులో చూడ్డానికి ఏముందండీ, ఒట్టి కొట్టు. కోటా, గుడా? దానికి 23 మిలియన్ డాలర్లు పోశారు. ఆ డబ్బుతో ఆ ఊళ్ళోనే ఎంతమంది బీద పిల్లలు చదువుకునేవాళ్ళు" అన్నారు. ఇంకొకాయన "అయినా అది వాళ్ళ గొడవ, మనకెందుకు" అన్నారు. అప్పటికి నేను ఏదో చెప్పాను గానీ చెప్పాల్సింది చెప్పలేదు. ఆ రెండు మాటలూ అప్పట్నుంచీ నన్ను వదల్లేదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. డబ్బు గురించి ఆయన అడిగింది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. గ్రీన్స్‌బరో ఓటర్లే 2000లో ఒకసారి, 2006లో ఇంకోసారి ఆ మ్యూజియం కోసం బాండ్లు అమ్మి అప్పు తెస్తామంటే వద్దని ఓటేశారు. అంటే సొంత ఊళ్ళో ఓటేసినవాళ్ళలో కూడా సగానికి పైగా జనానికి ఆ ఖర్చు నచ్చలేదు. కాబట్టి ఆ ప్రశ్నని అజ్ఞానం అని పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: అది ఒట్టి కొట్టు కాబట్టే దాన్ని కాపాడాలి. కోట అయ్యుంటే, గుడి అయ్యుంటే, దాన్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. కొట్టుకి ఎవరూ ఉండరు.

ఆ బిల్డింగ్ సౌత్ ఎల్మ్ స్ట్రీట్‌లో, మూల మీద ఉంటుంది. కట్టింది 1929లో. డిజైన్ చేసింది చార్లెస్ హార్ట్‌మన్ అనే ఆర్కిటెక్ట్, అదే ఎల్మ్ స్ట్రీట్‌లో కాస్త అవతల కనిపించే జెఫర్సన్ స్టాండర్డ్ బిల్డింగ్ కూడా ఆయనదే, అది 1923 నాటిది. ఆ బిల్డింగ్‌ని చూస్తే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు, దర్పం రెండూ కనిపిస్తాయి, మెడ వెనక్కి వాల్చి చూడాలి. ఈ వూల్‌వర్త్ బిల్డింగ్‌ని అలా చూడక్కర్లేదు. ఆర్ట్ డెకో అంటారు దాని పద్ధతిని, గోడ మీద కాస్త చెక్కడం పనితనం ఉంది, కింద అద్దాల షోకేసులు, పైన ఎర్ర పట్టీ మీద బంగారు రంగు అక్షరాల్లో కంపెనీ పేరు. మొదట దీన్ని వీలన్ బిల్డింగ్ అనేవారు. వూల్‌వర్త్ వాళ్ళు 1939లో వచ్చారు, వచ్చాక ఊళ్ళోవాళ్ళకి పాత పేరు గుర్తుండాల్సిన పని లేకపోయింది.

వూల్‌వర్త్ అంటే ఏంటో మనవాళ్ళకి చెప్పడం తేలిక. ఎగ్జిబిషన్లలో "ఏది తీసుకున్నా పది రూపాయలే" అని మైకులో అరుస్తుంటారే, ఆ లెక్క మీద పుట్టిన వ్యాపారం. ఐదు సెంట్లు, పది సెంట్లు, అంతకు మించి ధర లేని కొట్టు పెట్టాలని ఫ్రాంక్ వూల్‌వర్త్ 1879లో మొదలుపెట్టాడు. మొదటి షాపు నడవలేదు. రెండోది నడిచింది. 1913కల్లా న్యూయార్క్‌లో ఆయన కట్టించిన ఆఫీసు ప్రపంచంలోనే ఎత్తయిన బిల్డింగ్ అయింది, అదంతా దువ్వెనలు, సూదులు, దారపుండల మీద వచ్చిన డబ్బు. ఇలాంటి కొట్టు ఎవర్నీ రావద్దనలేదు. పది సెంట్లతో లాభం చేసుకోవాలంటే జనం కావాలి, తెల్లవాళ్ళ పది సెంట్లకీ నల్లవాళ్ళ పది సెంట్లకీ గల్లాపెట్టెలో తేడా ఉండదు. గ్రీన్స్‌బరో షాపులో నల్లజాతి వాళ్ళు టూత్‌పేస్టు కొనొచ్చు, పుస్తకాలు కొనొచ్చు, పిల్లలకి బొమ్మలు కొనొచ్చు. ఆకలేస్తే నిలబడి తినే చిన్న స్నాక్ బార్ దగ్గర తినొచ్చు కూడా. కూర్చోకూడదు. అంతే. లోపల ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో వంపు తిరిగిన పెద్ద లంచ్ కౌంటర్ ఉంది, 66 సీట్లు, ఆ సీట్లు తెల్లవాళ్ళకే.

ఇక్కడ నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే నా వాదన మొత్తం ఈ చోటనే ఉంది. ఇది వేరే బస్తీలో వేరే కొట్టు కాదు. తలుపు దగ్గర ఆపేయడం కూడా కాదు. ఒకే కప్పు కింద, ఒకే గల్లాపెట్టె, ఒకే కంపెనీ బిల్లు. డబ్బు తీసుకునే చోటు నుంచి కూర్చోనివ్వని చోటు దాకా ఉన్న దూరం ఎంతంటే అడుగుల్లో కొలవొచ్చు, రోడ్డు కూడా దాటక్కర్లేదు. ఆ దూరం గురించి ఎన్ని పుస్తకాలైనా రాయొచ్చు గానీ దాన్ని నడిచి చూడాలంటే ఆ కొట్టే ఉండాలి.

ఆ అడుగుల దూరాన్ని 1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో నలుగురు కుర్రాళ్ళు నడిచారు. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్. నలుగురూ ఆ ఊళ్ళోని నార్త్ కరోలినా ఎ అండ్ టి కాలేజీలో ఫస్టియర్. వాళ్ళలో మెక్‌నీల్‌కి ఆ మధ్యనే ఒక దెబ్బ తగిలింది, క్రిస్మస్ సెలవుల తర్వాత న్యూయార్క్ నుంచి తిరిగొస్తుంటే ఊరి బస్‌స్టేషన్‌లో తినడానికి ఏమీ ఇవ్వం పొమ్మన్నారు. బ్లెయిర్ గాంధీ మీద తీసిన డాక్యుమెంటరీ ఒకటి చూసున్నాడు. రాత్రుళ్ళు హాస్టల్ గదిలో కూర్చుని ఇదే మాట్లాడుకునేవాళ్ళు. ఎల్మ్ స్ట్రీట్ మీదకి ఆవేశంగా వచ్చేయలేదు, లెక్క ప్రకారం వచ్చారు. ముందు టూత్‌పేస్టు లాంటి చిన్నచిన్న సామాన్లు కొన్నారు, బిల్లు తీసుకున్నారు, ఆ బిల్లు దగ్గరుంచుకుని వెళ్ళి కౌంటర్ ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇక్కడ నీగ్రోలకి ఇవ్వం అంది వెయిట్రెస్. అదేంటి, ఇప్పుడే అక్కడ మాకు అమ్మారు కదా అన్నాడు బ్లెయిర్.

నాకు ఈ కథ మొత్తంలో గొప్పగా అనిపించేది ఆ బిల్లు. ఉపన్యాసం కాదు, నినాదం కాదు, కొట్టువాడు తన చేత్తో ఇచ్చిన కాగితం. నా డబ్బు నీకు పనికొచ్చిందని నువ్వే రాసిచ్చావు, మరి నేను ఎందుకు పనికిరాను? దీనికి ఆ కొట్టు దగ్గర జవాబు లేదు. మేనేజర్ క్లారెన్స్ హారిస్ కూడా ఏం చెయ్యాలో తోచక, వాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యమన్నాడు, కూర్చుని కూర్చుని వాళ్ళే పోతారనుకున్నాడు. వెనకాల ఒక పోలీసు లాఠీని అరచేతిలో కొట్టుకుంటూ అటూ ఇటూ తిరిగాడట. మెకేన్ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు, ఆ స్టూలు మీద కూర్చున్న కొన్ని క్షణాల్లోనే తన మనసులో బరువంతా దిగిపోయినట్టయిందని. ఆయనే ఇంకో రెండు సంగతులు చెప్పాడు, నాకు వాటిని పక్కపక్కన పెట్టి చూడడం ఇష్టం. కౌంటర్ వెనక గిన్నెలు కడిగే నల్లజాతి ఆవిడ బయటికొచ్చి వీళ్ళని తిట్టిపోసింది, మీలాంటి తెలివితక్కువ వాళ్ళ వల్లే మన బతుకులు ఇలా ఉన్నాయని. కాసేపటికి ఒక పెద్ద వయసు తెల్లావిడ వచ్చింది. ఈవిడ ఇంకెంత మాటంటుందోనని బిగుసుకుని కూర్చుంటే, భుజాల మీద చేతులేసి, మీరీ పని పదేళ్ళ కిందట చెయ్యలేదనే నా బాధ అందట.

గిన్నెలు కడిగే ఆవిడ మీద నాకు కోపం రాదు. ఆవిడ ఉద్యోగం ఆ కౌంటర్ వెనకే. కుర్రాళ్ళు సాయంత్రానికి హాస్టల్‌కి పోతారు, మర్నాడు మళ్ళీ మేనేజర్ మొహం చూడాల్సింది ఆవిడ.

మర్నాడు ఇరవై మందికి పైగా వచ్చారు. మూడో రోజు అరవై దాటారు. నాలుగో రోజు మూడు వందలు. శనివారానికి వెయ్యి మందికి పైగా జనం, బాంబు పెట్టామని ఎవరో బెదిరిస్తే షాపు మూసేశారు. బెన్నెట్ కాలేజీ అమ్మాయిలు వచ్చారు, వాళ్ళ గురించి ఒక ముక్క విడిగా చెప్పాలి, ఎందుకంటే "ఆ నలుగురు" అనే మాట బాగా పాతుకుపోయింది. బెన్నెట్ నల్లజాతి ఆడపిల్లల కాలేజీ. దాని ప్రెసిడెంట్ విల్లా ప్లేయర్, 1958లో మార్టిన్ లూథర్ కింగ్ వస్తే ఊళ్ళో ఇంకెవరూ చోటివ్వడానికి సాహసించకపోతే తన కాలేజీ చాపెల్‌లో మాట్లాడించిన ఆవిడ. వాళ్ళ పిల్లలు ఇలాంటి నిరసన గురించి ముందు నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. తర్వాత కాలేజీలకి వేసవి సెలవులిచ్చేస్తే ఖాళీ అయిన స్టూళ్ళ మీదకి డడ్లీ హైస్కూల్ పిల్లలు వచ్చి కూర్చున్నారు. హైస్కూల్ పిల్లలు! మధ్యలో చర్చలన్నారు, ఆగారు, చర్చలు తెగకపోతే ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టారు, అదే వీధిలో క్రెస్ అనే ఇంకో షాపులో ఏప్రిల్ 21న 45 మందిని అరెస్టు చేశారు, అందులో మొదటి నలుగురిలో ముగ్గురున్నారు. ఊళ్ళో నల్లజాతి వాళ్ళంతా ఆ షాపుల్లో కొనడం మానేశారు. ఈ ఒక్క వూల్‌వర్త్ షాపుకి వచ్చిన నష్టమే దాదాపు రెండు లక్షల డాలర్లు, ఆ రోజుల్లో.

అప్పుడు ఒప్పుకున్నారు. జూలై 25, అది కూడా సోమవారమే. లెక్కపెడితే సరిగ్గా 25 వారాలు.

ఆ రోజు మొదట కౌంటర్ దగ్గర కూర్చుని తిన్నది ఆ నలుగురు కుర్రాళ్ళు కాదు, వేలమంది విద్యార్థుల్లో ఒకరూ కాదు. ఆ షాపులోనే పనిచేసే నలుగురు నల్లజాతి ఉద్యోగులు, జెనీవా టిస్‌డేల్, సూసీ మారిసన్, అనీతా జోన్స్, చార్లెస్ బెస్ట్. హారిసే వాళ్ళని యూనిఫామ్ విప్పేసి మామూలు బట్టలు వేసుకుని వచ్చి కూర్చోమన్నాడు. విద్యార్థులకి, పేపర్లవాళ్ళకి ముందు చెప్పలేదు, గోల లేకుండా అయిపోవాలని. జెనీవా టిస్‌డేల్ ఏళ్ళ తరబడి ఆ కౌంటర్ వెనక పనిచేసింది. ఇన్నాళ్ళూ తను నిలబడిన వైపు నుంచి అవతలి వైపుకి రావడానికి మధ్యలో ఉన్నది ఒక్క బల్ల వెడల్పు. నేనూ నాన్నా వెళ్ళినప్పుడు నేను ఎక్కువసేపు చూసింది ఆ బల్ల వెడల్పునే. చెయ్యి చాపితే అవతలివాళ్ళకి ప్లేటు అందించొచ్చు. అందించడానికే కదా అంత వెడల్పు పెట్టింది.

ఆ కౌంటర్ ఇప్పటికీ మొదట్నుంచీ ఉన్న చోటే ఉంది. క్రోమ్ కాళ్ళు నేలకి బిగించిన స్టూళ్ళు, సీట్లు కొన్ని లేత గులాబీ, కొన్ని నీలం కలిసిన ఆకుపచ్చ, ఐస్‌క్రీమ్ రంగులు. వెనక అద్దాలు. ఆ అద్దాల గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. స్టూళ్ళ వెనక నిలబడి ఎదురుగా చూస్తే మన మొహమే కనబడుతుంది, మన వెనకాల ఎవరు నిలబడ్డారో వాళ్ళ మొహమూ కనబడుతుంది. ఆ సాయంత్రం కాఫీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న, పద్దెనిమిదేళ్ళు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు లాఠీతో తిరుగుతున్న పోలీసుని తల తిప్పకుండానే చూస్తూ ఉండి ఉంటారు. ఇది నేను ఊహించుకున్నదే, కానీ అక్కడ నిలబడితే తప్ప ఆ ఊహ రాదు. నాలుగు స్టూళ్ళున్న ముక్క ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, అదీ చూశాను. బాగుంది. కానీ అక్కడది వస్తువు. ఇక్కడది చోటు. ఇక్కడ తలుపు తీస్తే ఎల్మ్ స్ట్రీట్, బయట ఇప్పటికీ జనం, పక్క సందు పేరు ఇప్పుడు ఫిబ్రవరి వన్ ప్లేస్.

ఇది నిలబడిందంటే దాదాపు అదృష్టమే. 1950ల చివర్నుంచే షాపింగ్ ఊరి బయటికి పోవడం మొదలైంది, ఫ్రెండ్లీ సెంటర్ 1957లో తెరిచారు, తర్వాత మాల్స్ వచ్చాయి, అమెరికా సౌత్‌లో ఏ ఊరి డౌన్‌టౌన్ చూసినా ఇదే కథ, పార్కింగ్ ఉన్న చోటుకి జనం పోతారు, జనం పోయిన చోటుకి కొట్లు పోతాయి, చివరికి మిగిలిన పాత బిల్డింగులని కూల్చి వాటి చోట కూడా పార్కింగే కడతారు. వూల్‌వర్త్ వాళ్ళు 1993లో ఈ షాపు మూస్తున్నామని చెప్పారు. దీన్ని పడగొట్టి కారు పార్కింగ్ చేద్దామనే ఆలోచన నిజంగానే నడిచింది. అప్పుడు స్కిప్ ఆల్‌స్టన్, ఎర్ల్ జోన్స్ అని ఇద్దరు స్థానిక నాయకులు పూనుకుని ఒక సంస్థ పెట్టి, బిల్డింగ్ కొని, డబ్బు కోసం ఊరంతా తిరిగి, రెండుసార్లు ఓటర్లు కాదన్నా వదలకుండా, 2010 ఫిబ్రవరి 1న, సరిగ్గా యాభై ఏళ్ళకి మ్యూజియంగా తెరిపించారు. తెరిచాక కూడా డబ్బు కష్టాలు తప్పలేదు. నాకు ఇందులో తప్పు కనబడదు. కొట్టుగా ఉన్నప్పుడు అది తన ఖర్చు తను సంపాదించుకుంది, జ్ఞాపకంగా మారాక సంపాదించలేదు, ఎవరో ఒకరు పెట్టాలి.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకి వస్తాను, ఆ డబ్బు పిల్లల చదువుకి పెట్టొచ్చు కదా అని. దీనికి నా జవాబు అక్కడికి 50 మైళ్ళ అవతల డరమ్‌లో ఉంది. 1957 జూన్ 23న, అంటే గ్రీన్స్‌బరో కంటే రెండున్నరేళ్ళ ముందు, డరమ్‌లో రాయల్ ఐస్‌క్రీమ్ పార్లర్‌లో ఏడుగురు నల్లజాతి యువతీయువకులు తెల్లవాళ్ళ వైపు వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళని నడిపించినాయన డగ్లస్ మూర్ అనే పాస్టరు. ఏడుగుర్నీ అరెస్టు చేశారు, కోర్టులో జరిమానాలు వేశారు, వాళ్ళు పై కోర్టులకి వెళ్ళారు, ఓడిపోయారు. ఆ పార్లర్ బిల్డింగ్ ఇప్పుడు లేదు. రోడ్డు పక్కన ఒక స్తంభం, దానికో పలక. కారులో పోతుంటే ఆ పలక చదివే లోపు సిగ్నల్ మారిపోతుంది.

నిజమే, గ్రీన్స్‌బరో ప్రసిద్ధి చెందడానికి బిల్డింగ్ ఒక్కటే కారణం కాదు. అక్కడ మంట అంటుకుంది, మార్చి నెలాఖరుకి 13 రాష్ట్రాల్లో 55 ఊళ్ళకి పాకింది, ఏప్రిల్‌లో రాలీలోని షా యూనివర్సిటీలో విద్యార్థులంతా చేరి ఎస్‌ఎన్‌సీసీ (స్టూడెంట్ నాన్‌వయొలెంట్ కోఆర్డినేటింగ్ కమిటీ) అనే సంఘం పెట్టుకున్నారు, 1964 పౌర హక్కుల చట్టం హోటళ్ళలో, రెస్టారెంట్లలో ఇలాంటి విభజనని నిషేధించే దాకా ఆ వేడి ఆరలేదు. డరమ్‌లో అలా అంటుకోలేదు. కానీ రెండు మూడు తరాల తర్వాత పిల్లలకి ఏది మిగులుతుందో చూస్తే, బిల్డింగ్ ఉన్న చోటుకి స్కూలు బస్సులు వస్తాయి, పలక ఉన్న చోటుకి రావు. అదీ పిల్లల చదువే. డబ్బు చదువుకి పెట్టమన్న ఆయనకి నేను చెప్పదలుచుకున్నది ఇదే, అది చదువుకే పెట్టారు.

క్రెస్ సంగతి కూడా చూడండి. ఆ 45 మందిని అరెస్టు చేసిన క్రెస్ షాపు బిల్డింగ్ కూడా ఎల్మ్ స్ట్రీట్‌లోనే, వూల్‌వర్త్‌కి కాస్త దిగువన ఇప్పటికీ నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే వూల్‌వర్త్ కంటే అందమైనది, క్రెస్ కంపెనీవాళ్ళకి బిల్డింగుల మీద శ్రద్ధ ఎక్కువ, ఏ ఊళ్ళో కట్టినా రంగురంగుల టెర్రకోట పనితనంతో కట్టించేవాళ్ళు. అది అందం వల్ల బతికింది. దాని ముందు ఫోటోలు దిగేవాళ్ళని చూశాను. అక్కడ ఏం జరిగిందో మాత్రం దాన్ని చూస్తే తెలియదు. అందుకే, పాత బిల్డింగ్ కాపాడాలంటే గోడలు కాపాడితే చాలు, లోపల ఏ వ్యాపారం పెట్టుకున్నా ఫర్వాలేదు అనేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఊళ్ళో ప్రతి పాత కొట్టునీ మ్యూజియం చెయ్యమని కాదు, అది జరిగే పని కాదు, చేస్తే ఊరు ఊరులా ఉండదు కూడా. కానీ ప్రతి వీధికీ ఒక్కటైనా, లోపల సామాను ఎక్కడిదక్కడే ఉన్న కొట్టు ఉండాలి.

ఇంకో మాట, ఆ నలుగురి గురించి. మెక్‌నీల్ వైమానిక దళంలో మేజర్ జనరల్ దాకా వెళ్ళాడు. మెకేన్ కెమిస్టుగా షార్లట్‌లో స్థిరపడ్డాడు. బ్లెయిర్ పేరు మార్చుకుని జిబ్రీల్ ఖజాన్ అయి మసాచుసెట్స్‌లో ఉండిపోయాడు. డేవిడ్ రిచ్‌మండ్ మాత్రం బెదిరింపుల వల్ల కొన్నాళ్ళు ఊరొదిలి పోయి, అమ్మానాన్నల్ని చూసుకోవడానికి తిరిగొచ్చాడు. గొడవ చేసినవాడనే ముద్ర పడిపోయింది, తిరిగొచ్చాక మంచి ఉద్యోగం దొరకలేదు. ఒక నర్సింగ్ హోమ్‌లో ఊడ్చి తుడిచే పని చేసి, 1990లో, 49 ఏళ్ళకే పోయాడు. మ్యూజియం చూడలేదు. ఊరు తన వాళ్ళని బతికుండగా ఎలా చూసుకుందో కూడా ఆ బిల్డింగ్ ముందు నిలబడినప్పుడు గుర్తు చేసుకోవాలని నా కోరిక.

ఇక "మనకెందుకు" అన్న మాట. మనం ఈ దేశానికి ఎలా వచ్చాం? 1946లో మార్చిన చట్టం ప్రకారం భారతదేశం మొత్తం నుంచి ఏడాదికి వంద మంది. వంద! 1965లో ఆ జాతుల కోటా పద్ధతినే తీసేశారు. పౌర హక్కుల చట్టం వచ్చిన ఏడాదికి, అదే ప్రెసిడెంటు సంతకంతో, అదే వాదన మీద, మనిషిని పుట్టుకతో లెక్కకట్టకూడదని. ఆ నలుగురు మన వీసాల కోసం కూర్చోలేదు, నిజమే. కానీ వాళ్ళు కూర్చోబట్టి మారిన గాలిలోనే మన తలుపు తెరుచుకుంది. నేను ఏ రెస్టారెంట్‌కి వెళ్ళినా కుర్చీ లాక్కుని కూర్చుంటాను, ఒక్కసారి కూడా ఆలోచించను.

అంతకంటే దగ్గరి సంగతి ఒకటుంది, అది మా నాన్న చెప్పింది. కౌంటర్ చూసి బయటికొచ్చాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఎల్మ్ స్ట్రీట్‌లో బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడన్నారు, "మన ఊళ్ళో సెంటర్లో టీ హోటల్ ఉండేదిరా. మేం లోపల బల్ల మీద కూర్చునేవాళ్ళం. పల్లెలోంచి వచ్చినవాళ్ళకి గ్లాసులు వేరే. చూరులో దోపి ఉండేవి. వాళ్ళే తీసుకుని, వాళ్ళే కడుక్కుని, బయట నిలబడి తాగి, మళ్ళీ చూరులో దోపేసి, డబ్బులు బల్ల చివర పెట్టి వెళ్ళేవాళ్ళు." నేను ఏమీ అనలేదు. కాసేపాగి ఆయనే, "డబ్బులు మాత్రం లోపలికి వచ్చేవి" అన్నారు.

మా తాత తెల్ల పంచె కట్టుకుని కూర్చున్న బల్ల అది. ఇది పక్కవాళ్ళ కథ కాదు, మా ఇంటి కథ. మన రాజ్యాంగంలో 15వ అధికరణం కొట్లు, హోటళ్ళు అని పేరు పెట్టి మరీ చెప్పింది, అక్కడికి ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదని. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలతో చట్టం కూడా వచ్చింది. గ్రీన్స్‌బరో కుర్రాళ్ళు స్టూలెక్కడానికి ఐదేళ్ళ ముందు మన దగ్గర చట్టం ఉంది, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళపాటు చూరులో గ్లాసులున్నాయి. నాన్న చూసింది ఆ చట్టం వచ్చిన తర్వాతి రోజుల్నే. రెండు గ్లాసుల పద్ధతి మీద మన ఊళ్ళల్లో కొట్లాడినవాళ్ళు ఉన్నారు, దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఆ గ్లాసు పట్టుకున్న హోటళ్ళలో ఒక్కటైనా, ఆ చూరుతో సహా, ఎక్కడైనా నిలబెట్టామా? నేనైతే చూడలేదు. కోటలకి బోర్డులున్నాయి, రాజులు తవ్వించిన చెరువులకి బోర్డులున్నాయి.

నాన్న ఇండియా వెళ్ళాక ఒక ఆదివారం వీడియో కాల్ చేస్తే బాబాయ్ కూడా అక్కడే ఉన్నాడు. నేను ఆ టీ హోటల్ సంగతి అడిగాను, ఇప్పుడు అక్కడ ఏముందని. "మొబైల్ షాపు" అన్నారు నాన్న. "కాదన్నయ్యా, మొబైల్ షాపు ఉన్నది రావిచెట్టుకి ఇవతల. హోటల్ అవతల కదూ, కాలవ వైపు" అన్నాడు బాబాయ్. "అవతల సైకిల్ షాపురా." "సైకిల్ షాపు తర్వాత వచ్చింది." ఇద్దరూ చేతులు అటూ ఇటూ చూపించుకుంటూ చాలాసేపు అదే మాట్లాడుకున్నారు. రావిచెట్టుని రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. బాబాయ్ మర్నాడు పొద్దున్నే వెళ్ళి అక్కడి ముసలివాళ్ళని అడిగి వస్తానన్నాడు. వెళ్ళాడు. అడిగిన ముగ్గురూ మూడు చోట్లు చూపించారట.